గహ్వా రుచి పట్టడం ఎలా?

అమెరికా మిత్రులు కొందరు వైన్ రుచి చూడడం నేర్చుకుంటున్నారు. ముందు రంగు చూడాలట, తర్వాత వాసన పీల్చాలట, గుటక వేశాక నోట్లో ఏం మిగిలిందో గమనించాలట. మద్యనిషేధం ఉన్న సౌదీలో మాకా యోగం లేదు. అయినా ఆ పాఠమంతా అక్షరాలా పనికొచ్చే పానీయం ఇక్కడ ఇంటింటా ఉంది. అదే గహ్వా, అరబ్బుల కాఫీ.

మన ఫిల్టరు కాఫీని తలుచుకుంటూ తాగితే ఇది కాఫీయేనా అనిపిస్తుంది. కారణం లేకపోలేదు. మన గింజలు బాగా వేగుతాయి, చికోరీ కలుస్తుంది, ఆ చేదును పాలూ చక్కెరా అణిచేస్తాయి. ఇక్కడ, ముఖ్యంగా మా రియాద్ వైపు, గింజల్ని దోరగా వేయించి దించేస్తారు. పొడిని నీళ్ళలో మరిగించి ఏలకులు వేస్తారు. కొందరు కుంకుమపువ్వో లవంగాలో చేరుస్తారు. పాలుండవు, చక్కెర ఉండదు. తేనెరంగు కషాయంలో మాడు చేదు తక్కువ, పులుపు ఎక్కువ.

మరి తీపి? అది పక్కనున్న పళ్ళెంలో ఉంటుంది. ఖర్జూరం కొరికి, ఆ తీపి నాలుక మీద ఉండగానే ఒక గుక్క తాగాలి. ఆవకాయకు ముద్దపప్పు ఎలాగో గహ్వాకు ఖర్జూరం అలాగ. ప్రోగ్రాములో దోషం వెతికేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది మా వృత్తి సూత్రం. ఇక్కడా అదే చేయండి. గహ్వా మార్చకుండా పండు మార్చండి. కసీమ్ ప్రాంతపు సుక్కరీ పాకంలా తియ్యన, మదీనా అజ్వా నల్లగా, తీపి కాస్త తక్కువగా ఉంటుంది. సుక్కరీ తర్వాత గహ్వా చేదు పదునెక్కుతుంది, అజ్వా తర్వాత నెమ్మదిస్తుంది.

గహ్వాను 2015లో, దక్షిణాన జాజాన్ కొండల్లో పండే ఖౌలానీ కాఫీ సాగు విద్యను 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

గహ్వా పోసే చెవిలేని చిన్న గిన్నెను ఫింజాన్ అంటారు. కుడిచేత్తో అందుకోవాలి. అడుగున కొంచెమే పోస్తారు, అది పిసినారితనం కాదు, మర్యాద. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపాలి. లేకపోతే పోస్తూనే ఉంటారు!

ఆఫీసు, ఫ్లాటు, ఇండియన్ స్టోర్సు, వీటి మధ్యే మాకు ఏళ్ళు గడిచిపోతాయి. పక్కసీటు సౌదీ సహోద్యోగితో పనిమాటలు తప్ప ఉండవు. అతను ఫింజాన్ అందించినప్పుడు మొహమాటానికి మింగకుండా, ఈ ఏలకుల ఘాటు ఎక్కడిదని అడిగి చూడండి. వాళ్ళ అమ్మగారి వంటింటి దాకా కబుర్లు సాగుతాయి.