మాటకూ ఠాణాకూ మధ్య దూరం

రాజ్యాంగాలను పక్కపక్కన పెట్టి చదివితే మాట్లాడే స్వేచ్ఛంతా అమెరికాలోనే ఉందనిపిస్తుంది. వాక్స్వాతంత్ర్యాన్ని హరించే చట్టమేదీ కాంగ్రెస్ చేయరాదని 1791 నాటి మొదటి సవరణ తేల్చి చెప్పింది. అందులో 'అయితే', 'కానీ' లేవు. మన 19వ అధికరణం ఒక క్లాజులో హక్కు ఇచ్చి, మరుసటి క్లాజులోనే శాంతిభద్రతలు, నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం అంటూ చిట్టా విప్పుతుంది. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కున్నారని మనవాళ్లు నిట్టూర్చడం మామూలే. ఈ నిట్టూర్పు తప్పుచోట పడుతోందని నా వాదన. స్వేచ్ఛకు కొలత రాజ్యాంగంలోని వాక్యం కాదు. ఒకరి నోరు మూయించాలనుకున్న ప్రభుత్వాన్ని ఎవరు, ఏ ప్రశ్న, ఎప్పుడు అడుగుతారన్నదే కొలత.

అమెరికానే చూడండి. 1918లో సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో యుద్ధాన్ని తప్పుబడుతూ ప్రసంగించాడు. పదేళ్ల శిక్ష పడింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. 1920లో ఆయన అట్లాంటా జైల్లో ఉండే అధ్యక్ష పదవికి పోటీచేస్తే తొమ్మిది లక్షల పైచిలుకు ఓట్లు వచ్చాయి. అప్పటికీ ఇప్పటికీ మొదటి సవరణలో అక్షరం మారలేదు. మారింది జడ్జీల ప్రశ్న. ఈ మాట వల్ల చెడు జరిగే ధోరణి ఉందా అని అప్పట్లో అడిగేవారు. 1969లో ఒక కు క్లక్స్ క్లాన్ నాయకుడి కేసుతో అది మారింది: జనాన్ని అప్పటికప్పుడు చట్టవిరుద్ధానికి ఉసిగొల్పే ఉద్దేశం ఉందా, అది జరిగేలా ఉందా? ఈ ప్రశ్న ఎంత కఠినమైనదో 1977లో షికాగో పక్కనున్న స్కోకీకి అర్థమైంది. నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ యూదులు పెద్ద సంఖ్యలో తలదాచుకున్న ఊరది. అక్కడే స్వస్తిక గుర్తులతో కవాతు చేస్తామని ఒక నాజీ ముఠా బయల్దేరింది. ఊరి పాలకవర్గం మూడున్నర లక్షల డాలర్ల బీమా చూపించమని షరతు పెట్టింది. కోర్టుల్లో ఆ అడ్డంకులేవీ నిలవలేదు. చివరికి కవాతు ఆ ఊళ్లో జరగలేదన్నది వేరే సంగతి.

జర్మనీలో అదే గుర్తు ప్రదర్శిస్తే నేరం. యూదుల సామూహిక హత్యాకాండ జరగలేదనడమూ నేరమే. 1949 నాటి అక్కడి రాజ్యాంగం మనిషి గౌరవానికి మొదటి అధికరణంలోనే పీట వేసింది, భావ స్వేచ్ఛ వంతు ఐదోది. ఇది చూసి జర్మన్లు నోరు కట్టేసుకుని బతుకుతారనుకుంటే పొరపాటు. నాజీల కాలంలో యూదులపై విషం చిమ్మే సినిమా తీసిన దర్శకుడి కొత్త చిత్రాన్ని బహిష్కరించాలని ఎరిక్ ల్యూత్ అనే వ్యక్తి పిలుపునిస్తే కింది కోర్టులు వద్దన్నాయి. 1958లో రాజ్యాంగ న్యాయస్థానం ల్యూత్ పక్షాన నిలిచింది. 1995లో అదే న్యాయస్థానం, 'సైనికులు హంతకులు' అన్నవారి శిక్షలను కూడా నిలబెట్టలేదు. ప్రమాదం ఎంత దగ్గరలో ఉందని అమెరికా జడ్జి అడిగితే, ఆంక్ష అవసరానికి మించిందా అని జర్మన్ జడ్జి తూకం వేస్తాడు.

మన జడ్జీలకూ అలాంటి ప్రశ్న ఉంది. 1950లో మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' పత్రికను రాష్ట్రంలోకి రానివ్వలేదు. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలూ ఆ రాష్ట్రంలోవే. పత్రిక సంపాదకుడు రొమేష్ థాపర్ సుప్రీంకోర్టులో గెలిచారు. వెంటనే 1951లో రాజ్యాంగాన్ని సవరించి శాంతిభద్రతల పేరిట కొత్త ఆంక్ష చేర్చారు. ఈ సవరణను తిట్టిపోసేవాళ్లు మరిచిపోయేదొకటుంది: ఆంక్షలు 'సహేతుకం'గా ఉండాలన్న మాట ఈ క్లాజులోకి వచ్చిందీ దానితోనే. 1989లో ఒక తమిళ సినిమా కేసులో సుప్రీంకోర్టు, మాటకూ ప్రమాదానికీ మధ్య సంబంధం మందుగుండు పీపాలో నిప్పురవ్వంత దగ్గరగా ఉండాలంది. జర్మనీ తూకానికి ఇదేమీ తీసిపోదు.

తేడా ఆ ప్రశ్న అడిగే వేళలో ఉంది: ఇక్కడ ముందు అరెస్టు, తర్వాతే ప్రశ్న. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణానంతరం ముంబయి స్తంభించిపోతే, ఎందుకీ బంద్ అని పాల్ఘర్‌లో ఒక యువతి ఫేస్‌బుక్‌లో రాసింది. మరొకామె లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ అరెస్టుకు వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. అయినా దాని కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో నివ్వెరపోయింది, 2022లో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. చచ్చిన సెక్షన్ ఏడేళ్లు ఠాణాల్లో తిరిగిందన్నమాట!

వదంతి ఒక్కటి ఊళ్లు తగలబెట్టే దేశంలో పోలీసులు వేచి చూస్తే చచ్చేదెవరని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గుంపు రాళ్లు పట్టుకున్నప్పుడు ఆపొద్దని ఎవరూ అనడం లేదు. అమెరికా పరీక్ష కూడా అక్కడ అడ్డు రాదు. ఇక్కడ చిక్కు కవితకూ, పోస్టుకూ, లైకుకూ అదే తొందర చూపడంతోనే. చివరికి కేసు కొట్టేసినా, అప్పటిదాకా లాయరు చుట్టూ, వాయిదాల చుట్టూ తిరగడమే శిక్ష. 2025 మార్చిలో ఒక ఎంపీ పోస్టు చేసిన కవితపై గుజరాత్‌లో పెట్టిన కేసును సుప్రీంకోర్టు రద్దు చేస్తూ దారి చూపింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఆరోపణలపై, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు కొత్త నేర ప్రక్రియ చట్టం, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, 173వ సెక్షన్‌లో ఉంది. మాటకు సంబంధించిన కేసుల్లో ముందు దాన్ని వాడటమే ఉచితమంది కోర్టు. ఆ సెక్షన్‌లో మాత్రం ఉన్నది 'జరపవచ్చు' అనే, 'జరపాలి' అని కాదు.