ఎనమండుగురి సంభాషణ

మన మనోధర్మమునకు రాగతాళములవలె, వాడుక జాజునకు పాటలోని స్వరమేళనల వరుస గట్టు. ఆ గట్టు తీసివేసినచో ఏమగును? 1960 డిసెంబరు 21న న్యూయార్కులో ఆర్నెట్ కోల్మన్ పరీక్షించి చూచెను. ఆ రికార్డే 1961లో వెలువడిన ‘ఫ్రీ జాజ్’.

ఎనమండుగురు వాదకులు, రెండు బృందములు. సుమారు 37 నిమిషములు ఎడతెగని వాద్యము. నడుమనడుమ ముందుగా కూర్చిన చిన్న పల్లవులు కలవు. ఒకరు ముందుకు వచ్చి వాయించుచుండగా తక్కినవారు నచ్చిన పలుకు నందుకొని బదులిత్తురు.

తొలిసారి ఇది ఎల్.బి.నగర్ కూడలి రొదవలె తోచవచ్చును. ఒక్క స్పీకరుగల రేడియోలో బృందములు రెండును కలసిపోవును. స్టీరియోలో కోల్మన్ బృందము ఎడమను, ఎరిక్ డాల్ఫీ బృందము కుడిని వినవచ్చును. ముందొక వైపే వినుడు. పిదప రెండును వినుడు. తోచినది వాయించుటయే స్వేచ్ఛ కాదు, తోడివారిని వినుటయు స్వేచ్ఛయే యని తెలియగలదు.