సురుమాశబ్దార్థవిచారము

హైదరాబాదు పాతనగరమునఁ జార్మినారు ప్రాంతపు టంగళ్లలో సురుమా యను నల్లని పొడి నేఁటికిని విక్రయింపఁబడుచున్నది. ఆ నగరమునకే పడమటి దిక్కున మాదాపురమందు 1998వ సంవత్సరమున సైబరు టవర్సను భవనము ప్రారంభింపఁబడెను. దానిచుట్టు హైటెక్ సిటీ యను క్రొత్తపేట వెలసినది. ఈ రెండుచోట్లకును ఒక ఱాతిమూలమున సంబంధము కలదు. అది సీసపు ముడిఖనిజము. ఖనిజశాస్త్రజ్ఞులు దానిని గెలీనా యందురు. మన వాడుకలో దానికిఁ గల పేళ్లలో నేది దేనిని దెలుపునో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. ఇది పండితుల వినోదము మాత్రము కాదు. పేరు తప్పుటవలన బిడ్డలకుఁ గీడు వాటిల్లుచున్నది.

మొదట వస్తువును దెలిసికొందము. గెలీనా సీసమును గంధకమును గూడిన ఖనిజము. అందు నూటికి 86.6 పాళ్లు సీసము, తక్కినది గంధకము. నీటికంటె నేడున్నర రెట్లు బరువు, లోహమువలె మెఱయును, సుత్తితోఁ గొట్టినచో పాచికలవంటి ఘనాకారపు ముక్కలుగాఁ బగులును. మాదాపురపు కొండఱాయి గ్రానైటు గావున నచట నిది దొరకదు. పల్నాటిసీమలో నగ్నిగుండాలకడ బండ్లమోటుకొండయందు దొరకును. హిందూస్థాన్ జింకు సంస్థ యచటఁ గొంతకాలము గని నడపి పిమ్మట మూసివైచినది. గెలీనా యనునది లాటిను మాట. క్రీ.శ. మొదటి శతాబ్దమునఁ బ్లినీ తన ప్రకృతిచరిత్రమున దీనిని సీసపు ఖనిజమునకు వాడెను.

ఇఁక మన పేళ్లు. అంజనశబ్దమునకు ధాత్వర్థము పూయుట. కంటికిఁ బూయునది యంజనము. అనఁగా నీ పేరు ఉపయోగమునుబట్టి వచ్చినదేకాని ద్రవ్యమునుబట్టి వచ్చినది కాదు. చిక్కంతయు నిచటనే పుట్టినది. అమరసింహుఁడు స్రోతోంజనమును సౌవీరమును బర్యాయపదములుగాఁ జెప్పెను. రసరత్నసముచ్చయమున నన్ననో సౌవీరము, రసాంజనము, స్రోతోంజనము, పుష్పాంజనము, నీలాంజనము అని యైదును వేఱువేఱుగాఁ బేర్కొనఁబడినవి. వీనిలో రసాంజనము మ్రానుపసుపు కషాయమును గాఁచి చేయునది, ఖనిజమే కాదు. నీలాంజనము గెలీనాయని నేఁటివారిలోఁ బలువు రందురు. స్రోతోంజన సౌవీరములలో నేది సీసపుదో, యేది అంటిమొనిదో యను విషయమున వ్యాఖ్యాతలలో నైకమత్యము లేదు.

సురుమా పారసీకపదము. అరబ్బులు దీనినే కుహ్లు అందురు. మిక్కిలి సన్ననిపొడి యను నర్థమునుండి సారమను నర్థమునకు మాఱి, తుదకు సారాయిసత్తునకుఁ బేరైన ఆల్కహాలు శబ్దము దీనినుండి పుట్టినదే. నిఘంటువులు పెక్కులు సురుమాకు అంటిమొని యని యర్థము వ్రాసినవి. అంటిమొని గంధకమును గూడిన ఖనిజమును మెఱయు నల్లని ఱాయియే. అయినను అది నీటికి నాలుగున్నర రెట్లు మాత్రమే బరువు, సూదులవలె నేర్పడును, క్రొవ్వొత్తిమంటకే కరఁగును. ముక్కగా నున్నపుడు గెలీనానుండి దీనిని సులభముగా వేఱుపఱుపవచ్చును. నూఱినపిదప రెండును నల్లనిపొడియే. కొనువాఁడు భేద మెఱుఁగఁజాలఁడు. రసాయనపరీక్షలు చేసినపుడు సురుమాలలోఁ దఱచుగాఁ గనఁబడినది గెలీనాయే. ఆముదపు దీపమునకుఁ బట్టిన మసితోఁ జేయు మన యింటి కాటుక యీ రెంటికంటెను వేఱు, అది బొగ్గు.

ఈ ఱాతికే మఱియొక చరిత్ర కలదు. జగదీశచంద్రవసువు గెలీనాస్ఫటికముపై లోహపుమొన నానించి విద్యుత్తరంగములను గుర్తించు సాధనమును గల్పించి, 1901లో నమెరికాలో దరఖాస్తుచేసి, 1904లోఁ బేటెంటు పొందెను. అర్ధవాహకసాధనములకుఁ గలిగిన పేటెంట్లలో నది మొట్టమొదటిదని చెప్పుదురు. తొలినాళ్ల రేడియోలు పెక్కులు గెలీనాతోనే పలికినవి. నేఁడు హైటెక్ సిటీలో సిలికాను చిప్పులకు రూపము గల్పించు నింజనీర్ల విద్యకు మూలపురుషులలో నీ ఱాయి యొకటి. చార్మినారుకడఁ గంటికిఁ బెట్టునదియు, వసువు చేత రేడియోతరంగమును బట్టినదియు నొక్కటే.

ఇంజనీరు దాని పేరు తప్పినచో యంత్రము పనిచేయదు. తప్పు వెంటనే తెలియును. తల్లి దాని పేరు తప్పినచో నెవ్వరికిని దెలియదు. శిశువు కన్ను నులిమి, ఆ చేతిని నోటఁ బెట్టుకొనును. సీసము కడుపులోఁ బడి క్రమముగా మెదడు నెదుగుదలను జెఱచును. దేహమున నింత సీస మున్నను హాని లేదని చెప్పఁదగిన పరిమితి లేదని ప్రపంచారోగ్యసంస్థ తెలిపినది. అమెరికాదేశమున సురుమాను గంటిరంగుగా వాడుట కనుమతి లేదు.

కాఁబట్టి యొక మనవి. ఇఁకమీఁద వెలువడు నిఘంటువులలో గెలీనాను సీసాంజనమనియు, రెండవదానిని అంటిమొని యంజనమనియు, దీపపుమసిని గాటుకయనియు వ్యవస్థచేసి, సురుమా యనుచోట "తఱచుగా సీసాంజనము, విషము" అని వ్రాయుట మేలు. సీసమను మాట పేరులోనే వినఁబడినచో నేతల్లియు దానిని బిడ్డకంటఁ బెట్టదు. విజ్ఞు లీ వ్యవస్థను విచారింతురు గాక.