కంటికి కానరాని నీరు

వేసవిలో చిటికెనవ్రేలితో నెట్టినంతనే మూతపడు తలుపు శ్రావణమాసములో భుజము మోపినను కదలదు. ఉప్పుజాడీలో నీరూరును. ఉదయము వేయించిన అప్పడము మధ్యాహ్నమునకు మెత్తబడును. ఇంటిల్లిపాదియు వీనిని చూచుచునే యుందురు. కాని ఇవి యన్నియు ఒక్క సంగతినే తెలుపుచున్నవని గుర్తించువారు తక్కువ. ఇంటి గాలిలో నీరున్నది. అది కంటికి కానరాదు. మితముగా నున్న మేలు, మితిమీరిన కీడు.

గాలి ఎంత వెచ్చనైన, అంత ఎక్కువ నీటియావిరిని ఇముడ్చుకొనగలదు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరిని, 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాముల ఆవిరిని భరించును. భరింపగల దానిలో నిజముగా నున్నది నూటికి ఎంత అను లెక్కయే సాపేక్ష ఆర్ద్రత. ఇంటికి 40 మొదలు 60 శాతము వరకు అనుకూలమని సాధారణముగా చెప్పుదురు.

ఈ లెక్కను ఒక గదికి అన్వయించి చూడవలెను. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిలో 36 ఘనపు మీటర్ల గాలి యుండును. 30 డిగ్రీల వద్ద ఆ గాలి యంతయు మోయగల నీరు సుమారు ఒక లీటరు మాత్రమే. ఆర్ద్రత 80 శాతమున్న వానదినమున మిగిలిన చోటు ఒక గ్లాసెడు నీటికి చాలును. అట్టి గదిలో కిటికీలు మూసి, దండెము కట్టి, కుటుంబమంతటి తడిబట్టలు ఆరవేసినచో ఆ నీరెచ్చటికి పోవును? చల్లని గోడను, బీరువా వెనుక భాగమును, పరుపును ఆశ్రయించును. అచ్చట బూజు పట్టును.

బూజు గోడ మీది మచ్చ మాత్రమే కాదు. దాని సూక్ష్మబీజములు గాలిలో తేలి ఊపిరితో లోనికి పోవును. తేమ నిండిన పరుపులలో ధూళిపురుగులు వృద్ధి పొందును. చెమ్మ, బూజు గల ఇండ్లలో నివసించువారికి దగ్గు, ఉబ్బసము వంటి శ్వాసబాధలు హెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములు తెలుపుచున్నవి. సున్నము వేసి మచ్చను కప్పుట చికిత్స కాదు. చెమ్మ వచ్చు దారిని మూయవలెను. రాత్రియెల్ల దగ్గి, ఉదయము తరగతిలో కునుకు బాలుని మందలించుటకు ముందు, వాడు పండుకొను గది గోడ యెట్లున్నదో అడుగుట మేలు.

తేమను కొలుచుట కష్టము కాదు. మానవుని తలవెంట్రుక తేమకు సాగి, పొడికి కుదియును. జెనీవా నగరవాసియైన సోస్యూర్ ఈ సత్యము నాధారము చేసికొని కొలమానమును నిర్మించి, 1783లో గ్రంథము వెలువరించెను. పాఠశాలలో ఇంతకన్న సులభమైన ఉపాయము కలదు. ఒకే తీరు ఉష్ణమాపకములు రెండు తీసికొని, ఒకదాని గుండుకు తడిగుడ్డ చుట్టి, రెంటికిని విసనకఱ్ఱతో విసరవలెను. నీరు ఆవిరి యగునపుడు వేడిని గొనిపోవును గనుక తడిగుండు చల్లబడును. రెంటి భేదము ఎక్కువైనచో గాలి పొడి, తక్కువైనచో తడి.

వేసవిలో ఈ భేదమే ప్రధానము. కర్నూలు వంటి పొడి ప్రాంతమున ఒకనాడు పొడిగుండు 40, తడిగుండు 22 డిగ్రీలు చూపినచో ఆర్ద్రత సుమారు 20 శాతము. అపుడు వట్టివేళ్ళ తడికకు నీరు చల్లినను, కూలరు పెట్టినను గాలి ఎంతో చల్లబడును. మచిలీపట్టణము వంటి తీరమున పొడిగుండు 34, తడిగుండు 29 చూపినచో ఆర్ద్రత 70 శాతమునకు సమీపించును. అచ్చట కూలరు ఎంత తిరిగినను గాలి 29కి దిగువకు రాదు. పైగా మూసిన గదిలో తేమ పెరిగి చెమట ఆరదు. ఆరని చెమట దేహమును చల్లబరచదు. వృద్ధులకు, శిశువులకు ఇది ప్రాణాపాయము కావచ్చును.

కావున ఒకచోటి ఉపాయము మరియొకచోట పనికిరాదు. పొడిసీమలో నీటిని లోనికి పిలువవలెను; కూలరు తిరుగునపుడు ఎదుటి కిటికీ తెఱచి యుంచవలెను. తీరమున నీటిని వెలుపలికి పంపవలెను. వంటయింటి ఆవిరికి దారి చూపవలెను. బట్టలు వసారాలో ఆరవేయవలెను. బీరువాకును గోడకును నడుమ బెత్తెడు ఎడముంచవలెను. వాన వెలిసినంతనే కిటికీలు తెఱవవలెను. పూర్వపు మండువా యిండ్లలో నడిమి ఆకాశమే గాలికి దారి యిచ్చెడిది. నేటి ఫ్లాటులకు ఎదురెదురు కిటికీలే దిక్కు.

రెండు ఉష్ణమాపకములు, ఒక గుడ్డపీలిక, ఒక నోటుపుస్తకము చాలును. ఉదయము, సాయంకాలము ఒక నెల అంకెలు వ్రాసిన విద్యార్థికి తన యింటి కిటికీ ఎప్పుడు తెఱవవలెనో ఒకరు చెప్పనక్కరలేదు.