ఫైల్ దొరకని లారీకి బాడీ: మట్టితో ఆర్‌సీ ట్రక్ అచ్చు చేయడం ఎలా?

ఆర్‌సీ ట్రక్ కొన్న వాళ్లందరికీ కొన్నాళ్లకు ఒకటే కోరిక పుడుతుంది. "ఛాసిస్ బాగుంది, మోటార్ బాగుంది, కానీ ఈ బాడీ నాది కాదు" అనిపిస్తుంది. మార్కెట్లో దొరికే బాడీలు ఎక్కువగా అమెరికా పికప్పులవో, యూరప్ ట్రక్కులవో. నాకు కావాల్సింది మా నాన్న నడిపిన లారీ.

ఆ లారీని 2015లో అమ్మేశాం. నా బీటెక్ మొదటి ఏడాది ఫీజు ఆ డబ్బులోంచే కట్టారు. తర్వాత అది తుక్కుకు వెళ్లిందని తెలిసింది. ఇంట్లో రెండు ఫొటోలు మిగిలాయి. ఆ రెండు ఫొటోల నుంచి 1/14 స్కేల్ ఆర్‌సీ క్యాబిన్ ఎలా వచ్చిందో, ఎక్కడ చేతులు కాలాయో ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

3డీ ప్రింటర్ ఉండగా మట్టి ఎందుకు?

ముందు నేనూ ఇదే అనుకున్నాను. ఆఫీసులో రోజంతా కోడ్ రాసేవాడిని, ఇంట్లో ప్రింటర్ ఉంది, మట్టి పిసకడం ఏంటని. కానీ ప్రింట్ చేయాలంటే ముందు ఫైల్ ఉండాలి కదా. మన పాత లారీలకు అదే సమస్య. కంపెనీ నుంచి ఛాసిస్, ఇంజను, ముందు కౌల్ వరకే వచ్చేవి. క్యాబిన్, వెనక తొట్టి బయట బాడీ బిల్డింగ్ షెడ్లలో కట్టించుకోవాలి. మా లారీ బాడీ విజయవాడ ఆటోనగర్‌లో కట్టారు. చెక్క ఫ్రేము, దాని మీద రేకు, మేస్త్రి చేతి కొలత. డ్రాయింగ్ లేదు, క్యాడ్ ఫైల్ అసలే లేదు.

రెండు ఫొటోలు చూసి సాఫ్ట్‌వేర్‌లో మోడల్ గీద్దామని రెండు వారాంతాలు కూర్చున్నాను. స్క్రీన్ మీద బానే ఉంది, కానీ అది మా లారీలా లేదు. ఎక్కడ తేడా ఉందో నాకు తెలియట్లేదు. తెలిసిన మనిషి నాన్న ఒక్కరే. ఆయనకు మౌస్ ఇచ్చి "సరిచేయండి" అంటే కుదరదు. మట్టి అయితే బొటనవేలితో నొక్కి చూపించగలరు. నేను మట్టికి మారడానికి అసలు కారణం ఇదే.

ఇది పాతకాలపు పద్ధతేమీ కాదు. 1927లో జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగం మొదలుపెట్టిన హార్లీ ఎర్ల్ కార్ల డిజైన్‌లో క్లే మోడల్‌కు పెద్ద పీట వేశాడు. ఇప్పటికీ పెద్ద కార్ల కంపెనీలు లోపల ఫోమ్ పెట్టి, పైన క్లే వేసి, అసలు సైజులో కారు చెక్కి చూసుకుంటాయి. స్క్రీన్ మీద కనిపించని వంపు వేలికి తెలుస్తుంది.

స్కేల్ లెక్క: టైరే మీ టేపు

ఫొటోలో కొలత తీయాలంటే సైజు కచ్చితంగా తెలిసిన వస్తువు ఒకటి కావాలి. లారీకి అది టైరు. 10.00-20 టైరు వ్యాసం దాదాపు 1,050 మి.మీ. నా ఛాసిస్ మీదున్న టైరు 75 మి.మీ. 1,050ని 75తో భాగిస్తే 14. అంటే స్కేల్ 1/14.

పక్క నుంచి తీసిన ఫొటోను స్కాన్ చేస్తే టైరు 312 పిక్సెల్స్ వచ్చింది. ఒక్కో పిక్సెల్ అసలు లారీ మీద దాదాపు 3.4 మి.మీ. తలుపు ఎత్తు 410 పిక్సెల్స్, అంటే సుమారు 1,380 మి.మీ. మోడల్‌లో 98.6 మి.మీ. ఇలా ఒక్కొక్కటీ స్ప్రెడ్‌షీట్‌లో వేసుకున్నాను.

ఒక జాగ్రత్త. టైరు ఉన్న తలంలోనే ఉన్నవాటిని ఇలా కొలవండి. దూరంగా ఉన్న వస్తువు ఫొటోలో చిన్నగా పడుతుంది కాబట్టి క్యాబిన్ అవతలి అంచును ఇదే లెక్కతో తీస్తే తప్పుతుంది. నాకు వచ్చిన క్యాబిన్ సైజు: వెడల్పు 170, ఎత్తు 140, లోతు 115 మి.మీ.

ఏ మట్టి వాడాలి?

మొదటిసారి బంకమట్టి తెచ్చాను, వినాయక చవితి బొమ్మలకు వాడేదే. తడిగా ఉన్నప్పుడు అద్భుతంగా సాగుతుంది. కానీ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. లోపల థర్మాకోల్ దిమ్మ ఉంది, అది కుంచించుకోదు. దాంతో సోమవారం ఆఫీసుకు వెళ్లి వచ్చేసరికి అద్దం మూల నుంచి తలుపు దాకా పగులు. బంకమట్టితో చేయాలంటే పని అయ్యేదాకా తడిగుడ్డ, దాని మీద పాలిథిన్ కవర్ కప్పి ఉంచాలి, తడి ఆరకముందే అచ్చు తీసేయాలి. వారాంతాల్లో మాత్రమే పని చేసే మనకు అది కష్టం.

రెండోసారి నూనె కలిసిన మోడలింగ్ క్లే తీసుకున్నాను. ఇది ఎండదు, పగలదు. నెల తర్వాత కూడా సరిచేసుకోవచ్చు, పని అయ్యాక మళ్లీ వాడుకోవచ్చు. గట్టిగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే చాలు. సిలికాన్‌తో అచ్చు తీసే ఆలోచన ఉంటే మాత్రం గంధకం లేని క్లే అడిగి కొనండి. గంధకం తగిలితే ప్లాటినం సిలికాన్ గట్టిపడకుండా జిగటగా ఉండిపోతుంది. ప్లాస్టర్‌తో ఆ గొడవ లేదు.

చెక్కేటప్పుడు మూడు రూల్స్

థర్మాకోల్ దిమ్మను క్యాబిన్ కన్నా అన్ని వైపులా ఒక సెంటీమీటరు చిన్నగా కోసి, నున్నటి ప్లైవుడ్ పలక మీద అతికించి, పైన క్లే వేశాను. క్యాబిన్‌ను నిలబెట్టలేదు. ముఖం ఆకాశం వైపు ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టాను. ఎందుకో వాక్యూమ్ సెక్షన్‌లో చెప్తాను.

ఒకటి, టెంప్లేట్. ముందు వైపు సగం ఆకారం అట్టముక్కలో కోసుకోండి. ఎడమ వైపు గీశాక అదే అట్టను తిప్పి కుడి వైపు గీయాలి. ఫోన్‌లో ఫొటో తీసి మిర్రర్ చేసి చూస్తే కళ్లు అలవాటుపడి వదిలేసిన వంకర వెంటనే దొరుకుతుంది.

రెండు, వాలు. అచ్చులోంచి వస్తువు జారి రావాలంటే గోడలు నిటారుగా ఉండకూడదు, అడుగు వైపు కొంచెం వెడల్పు కావాలి. 3 డిగ్రీలు పెడితే 115 మి.మీ. లోతుకు ఒక్కో వైపు 6 మి.మీ. తేడా వస్తుంది, చూడగానే తెలిసిపోతుంది. నేను 2 డిగ్రీలు పెట్టాను, తేడా 4 మి.మీ.

మూడు, అండర్‌కట్ ఉండకూడదు. అంటే పైనుంచి చూస్తే కనపడకుండా లోపలికి మడత పడే చోటు ఏదీ ఉండకూడదు. ఈ రూల్ నాకు తెలుసు. తెలిసీ తప్పాను.

నాన్న రివ్యూ

క్లే పని అయ్యాక వీడియో కాల్‌లో చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "బానే ఉందిరా" అని పెట్టేశారు. ఆ "బానే ఉంది" ఎలాంటిదో మీకు తెలుసు. తర్వాతి శనివారం ఊరికి వెళ్తూ పలకతో సహా అట్టపెట్టెలో పెట్టుకుని బస్సులో ఒళ్లో పట్టుకుని తీసుకెళ్లాను.

చేతికి ఇవ్వగానే కళ్లజోడు పెట్టుకుని చుట్టూ తిప్పి చూశారు. "అద్దం మీద రేకు ఇంకా ముందుకు రావాలి. ఎండ కళ్లలో కొట్టకూడదనే కదా అడిగి వేయించింది" అన్నారు. తర్వాత బొటనవేలితో ఎడమ తలుపు కింది అంచు నొక్కారు. "ఇదేంట్రా, రెండు తలుపులూ ఒకేలా చేశావ్? క్లీనర్ వైపు తలుపు ఒకటిన్నర అంగుళం పొట్టి. యాక్సిడెంట్ తర్వాత వేరే షెడ్‌లో వేయించాం."

మిర్రర్ ఫొటోలు తీసి, అట్టలు తిప్పి, రెండు వైపులూ ఒకేలా రావాలని నేను నెల రోజులు కష్టపడ్డాను. అసలు లారీనే ఒకేలా లేదు! ఒకటిన్నర అంగుళం అంటే 38 మి.మీ., మోడల్‌లో 2.7 మి.మీ. అక్కడే కూర్చుని పది నిమిషాల్లో సరిచేశాం. రెండు ఫొటోలూ డ్రైవర్ వైపు నుంచి తీసినవే. ఈ కొలత ఏ స్కాన్‌లోనూ దొరికేది కాదు.

ప్లాస్టర్: ఇక్కడ బ్యాకప్ ఉండదు

క్లే మీద నేరుగా వేడి ప్లాస్టిక్ లాగితే క్లే కరిగి నలిగిపోతుంది. అందుకే క్లే చుట్టూ ప్లాస్టర్ పోసి బోలు అచ్చు తీయాలి. ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి గట్టి దిమ్మ తీయాలి. ప్లాస్టిక్ లాగేది ఈ దిమ్మ మీద.

ఫాల్స్ సీలింగ్‌కు వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సరిపోతుంది. బరువు లెక్కన 10 వంతుల పొడికి 7 వంతుల నీళ్లు. ఎప్పుడూ నీళ్లలో పొడి చల్లాలి, పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి, బుడగలు రాకుండా నెమ్మదిగా కలపాలి. మొదటి పొర బ్రష్‌తో పల్చగా, తర్వాత 20 మి.మీ. మందం వచ్చేదాకా పోయాలి. మధ్యలో కొబ్బరి పీచు వేస్తే పగలదు. ధూల్‌పేటలో పెద్ద విగ్రహాలకు పీఓపీలో పీచు కలిపేది ఇందుకే. గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి చెయ్యి అందులో ఉంచొద్దు. పొడి పీల్చకుండా మాస్క్ పెట్టుకోండి. మిగిలింది సింక్‌లో పోస్తే పైపు రాయి అవుతుంది.

అచ్చు గట్టిపడ్డాక తిరగేసి లోపలి క్లే తవ్వి తీసేశాను. సులభంగా వచ్చేసింది. లోపల సబ్బు నురగ మూడు నాలుగు సార్లు పట్టించి రెండో ప్లాస్టర్ పోశాను. మర్నాడు తిప్పి తడితే దిమ్మ రాదు. సుత్తితో తట్టినా, వేడి నీళ్లు పోసినా కదల్లేదు.

కారణం తలుపు మీద వాన నీళ్లు జారడానికి ఉండే సన్నటి రేకు. దాని కింద 1 మి.మీ. మడత చెక్కాను, అందంగా ఉంటుందని. క్లే మెత్తన కాబట్టి ఆ మడతలోంచి నలిగి బయటికి వచ్చేసింది, నాకు తెలియనివ్వలేదు. ప్లాస్టర్ అలా నలగదు. టెస్టింగ్‌లో పాసై ప్రొడక్షన్‌లో బయటపడే బగ్ ఇలాంటిదే. ఇక్కడ ఇంకో సమస్య, క్లే మోడల్ అప్పటికే ముద్ద అయిపోయింది. నాన్న సరిచేసిన లారీ ఇప్పుడు ఆ ఇరుక్కున్న దిమ్మలో మాత్రమే ఉంది.

మిగిలింది ఒకటే దారి, బయటి అచ్చును ఉలితో కొట్టి పగలగొట్టడం. ఒక రాత్రంతా పట్టింది. అచ్చు, దిమ్మ రెండూ తెలుపే కాబట్టి ఎక్కడ ఆగాలో కనపడదు. ఒక దెబ్బ హెడ్‌లైట్ అంచుకు తగిలి ముక్క ఊడింది. మిగతాది క్షేమంగా వచ్చింది. హెడ్‌లైట్‌ను తడి ప్లాస్టర్‌తో మెత్తి, ఆరాక గరుకు కాగితంతో రుద్దాను. మడతను కూడా ప్లాస్టర్‌తో పూడ్చేశాను.

శిల్పులకు దీనికి పాత ఉపాయం ఉంది. అచ్చు మొదటి పొరలో బట్టలకు పెట్టే నీలం కలుపుతారు. పగలగొట్టేటప్పుడు నీలం కనపడిందంటే దిమ్మ దగ్గరికి వచ్చినట్టు, ఉలి నెమ్మదించాలి. మీరు మొదటిసారే కలపండి.

వాక్యూమ్ ఫార్మింగ్

దిమ్మను వారం పైనే ఎండబెట్టాలి. తడి ఉంటే వేడి షీట్ తగలగానే ఆవిరి వచ్చి పొక్కులు పడతాయి. గ్రిల్ గాడుల్లో, అద్దం మూలల్లో 1 మి.మీ. రంధ్రాలు వేయండి, లేకపోతే అక్కడ గాలి చిక్కి షీట్ అంటుకోదు. కింద ప్లైవుడ్ పెట్టె, పైన రంధ్రాల పలక, పక్కన ఇంటి వాక్యూమ్ క్లీనర్ పైపు. మెషీన్ అంతే.

పూర్తి వాక్యూమ్ అయితే వాతావరణం ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు 1 కిలో బరువుతో నొక్కుతుంది. నా క్యాబిన్ ముఖం దాదాపు 240 చ.సెం.మీ., అంటే 240 కిలోలు. ఇంటి క్లీనర్ అందులో ఐదో వంతు లాగుతుందనుకున్నా 48 కిలోలు. అందుకే దిమ్మ గట్టిగా ఉండాలి. పీఎల్ఏ ప్రింట్‌ను దిమ్మగా పెడదామనుకునే వాళ్లకు ఒక మాట, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.

షీట్ సంగతి. రేసింగ్ బాడీలకు పాలీకార్బొనేట్ వాడతారు, గట్టిది. కానీ దాన్ని ముందే 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టకపోతే లోపలి తేమ బుడగలవుతుంది, సాగాలంటే ఇంకా చాలా వేడి కావాలి. ఇంట్లో మొదటిసారికి 1.5 మి.మీ. హిప్స్ షీట్ మేలు. పాత ఓటీజీ ఒకటి దీనికే కేటాయించండి, వంటది వాడొద్దు. కిటికీలు తెరిచి ఉంచండి. షీట్ మధ్యలో జోలెలా కిందికి వేలాడగానే తీసి దిమ్మ మీద దించి స్విచ్ వేయాలి. ఐదు సెకన్లలో అయిపోతుంది.

ఇప్పుడు పడుకోబెట్టడం ఎందుకో చూద్దాం. నా ఫ్రేము 28 × 25 సెం.మీ., అంటే 700 చ.సెం.మీ. షీట్. క్యాబిన్ పక్క గోడలకు ఇంకో 710 దాకా కావాలి. అదంతా ఆ షీటే సాగి ఇవ్వాలి కాబట్టి సగటు మందం సగానికి పడుతుంది, 0.75 మి.మీ. దగ్గరికి. కానీ అన్ని చోట్లా సమానంగా కాదు. ముందు తగిలిన చోటు చల్లబడి మందంగా నిలుస్తుంది, అడుగు మూలలు పల్చబడతాయి. గుద్దుకునేది ముఖం కాబట్టి, ముందు తగలాల్సింది ముఖమే.

మొదటి షీట్ ముడతలు పడింది, రెండోది మూలలో చిరిగింది, మూడోది వచ్చింది. అద్దాలు కోసి లోపల పారదర్శక షీట్ అతికించాను. వాన రేకు, తలుపు పిడులు, వైపర్లు విడిగా ప్లాస్టిక్ పట్టీలతో చేసి అంటించాను. అండర్‌కట్ వచ్చేవన్నీ ఇలా విడిగా పెట్టుకోవడమే సరైన పద్ధతి.

ఎవరికి ఏది?

మీకు కావాల్సిన ట్రక్ ఫైల్ నెట్‌లో ఉంటే హాయిగా ప్రింట్ చేసుకోండి, రోజుల్లో అయిపోతుంది. ఒకటే బాడీ, అదీ తేలిగ్గా ఉండక్కర్లేదంటే ప్రింటే బెస్ట్. ఫైల్ లేదు, ఫొటోలూ జ్ఞాపకాలే ఉన్నాయంటే మట్టి పట్టుకోండి. మూడు నెలల వారాంతాలు పోతాయి. అయితే దిమ్మ ఒక్కసారి చేతికొస్తే ఎన్ని బాడీలైనా లాగొచ్చు. నేను ఇప్పటికి నాలుగు లాగాను.

ఒకటి నాన్న దగ్గర ఉంది. రిమోట్ ఇస్తే రెండు రౌండ్లు వేసి, ట్రక్ ఎత్తి తలుపు వైపు చూశారు. "పొట్టి తలుపు కరెక్ట్‌గా ఉంది" అన్నారు.

ఈసారి "బానే ఉంది" అనలేదు.