వట్టి యింటిపై నెగిరిన జెండా

ఉపాధ్యాయునకు రాజాజ్ఞ పెద్దదా, శిష్యుని మేలు పెద్దదా? పరాధీనులమై యున్నప్పుడు మన దేశమునందును పలుమారులు పుట్టిన ప్రశ్నయే యిది. 1933వ సంవత్సరము ఏప్రిలు నెలలో జర్మనీయందు నాజీ ధ్వజము నెత్తవలెనని యుత్తరువు రాగా, ఉల్మ్ నగరము చేరువను హెర్‌లింగెన్ గ్రామమున బడి నడుపుచున్న అన్నా ఎస్సింగర్ అను యూదు వనిత ధ్వజము నెత్తించెను. పిల్లల నందఱను వెంటబెట్టుకొని దినమంతయు వనవిహారమునకు బోయెను. జెండా వట్టి యింటిపై నెగిరినది.

ఆ దేశమున నిక బిడ్డలను పెంచరాదని నిశ్చయించి, తలిదండ్రులను రహస్యముగా నొప్పించి, ఆ యక్టోబరులోనే 60కి పైబడిన బాలబాలికలతో నామె ఇంగ్లండు చేరెను. క్వేకరులు సాయపడిరి. కెంటు సీమలో బన్స్ కోర్టను పాతభవనమున బడి వెలసెను.

నాటి ఆంగ్ల ధనికపుత్రుల పాఠశాలలలో చిన్నవారు పెద్ద విద్యార్థులకు రొట్టెలు కాల్చి బూట్లు తుడుచుట యాచారము. బెత్తము సరేసరి, ప్రభుత్వధనమున నడచు బడులలో సైతమది 1987 వరకు తొలగలేదు! బన్స్ కోర్టులో సేవకులను పెట్టుకొనుటకు ధనము లేదు. గురుశిష్యులు కలిసియే కూరమడులు త్రవ్విరి, కోళ్లను మేపిరి, గిన్నెలు తోమిరి. తొలుత వచ్చిన ప్రభుత్వ పరీక్షాధికారులు పెదవి విఱచిరి. కొన్ని యేండ్లకు మరల వచ్చి, యింత స్వల్పసాధనములతో నింత చదువెట్లు సాగెనని విస్మయమొంది, అది పరికరముల మహిమ కాదు, గురువుల శ్రద్ధయే యని యొప్పుకొనిరి. పరీక్షాధికారి తన తొలి యభిప్రాయమును మార్చుకొనుట యరుదు గనుక దీనిని మేము ప్రత్యేకించి చెప్పుచున్నాము.

1938 డిసెంబరు మొదలు తలిదండ్రులను విడిచి వేలకొలది బిడ్డలు నాజీరాజ్యమునుండి రాసాగిరి. డోవర్‌కోర్టు శిబిరమున వారిని చేర్చుకొను భార మామెపై బడినది. పెంచుకొనవచ్చిన గృహస్థులు ముద్దుమోముల చిన్నవారినే యేఱుకొనిపోవ, ఎదిగిన పిల్లలు మిగిలిపోవుచుండిరి. దాతల దయ నిజమే. కాని యా యెంపిక పశువుల సంతను బోలియున్నదని యామెయు సహోపాధ్యాయులును మిగుల కుందిరి.

1940లో ప్రభుత్వము ఆ గురువులలో పలువురిని, 16 ఏండ్లు దాటిన బాలురను శత్రుదేశీయులని నిర్బంధించెను. హిట్లరు తఱిమినవారు హిట్లరు పక్షమువారెట్లగుదురు? విచారణ లేక చెఱసాలల మ్రగ్గిన మన దేశభక్తుల కథలు వినిన పాఠకులకు వేఱుగ జెప్పనేల? బడిని సైతము కెంటు విడువుమనిరి. అది ష్రాప్‌షైరునకు దరలి, 1946లో తిరిగివచ్చి, 1948లో మూతపడెను. ఎస్సింగర్ మాత్రము బన్స్ కోర్టును వీడలేదు. చూపు మందగించినను, నానాదేశముల చెదరిన తన పిల్లలతో 1960లో మరణించువఱకు నుత్తరప్రత్యుత్తరములు జరుపుచునే యుండెను.