మన విస్తరి, మన పోషణ

జంగారెడ్డిగూడెమునుండి ఏలూరు మీదుగా కొల్లేటి గట్టువరకు పోవువారు ఒక్క పూట ప్రయాణములోనే మూడు విధముల వంటిండ్లను దాటిపోవుదురు. పైన కొండదాపు గూడెములలో జొన్న, మొక్కజొన్న, వానకాలపు వెదురు కొమ్ములు. నడుమ మెట్టలో కంది, వేరుసెనగ, కూరపాదులు. దిగువ పల్లములో వరియన్నము, కొల్లేటి చేప. ఇన్ని పంటలు ఇంత దగ్గరగా ఉన్న సీమలో పోషణలోపము ఎట్లు కలుగునని శ్రోతలు అడుగవచ్చును. కలుగుచునే యున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది.

ధాన్యములు, పప్పులు, ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు, పాలు, నూనెగింజలు, చేపలు, గ్రుడ్లు, మాంసము అని ఆహారశాస్త్రజ్ఞులు పదార్థములను వర్గములుగా విభజింతురు. ఈ విభజన మన పెద్దలకు తెలియదు. అయినను వారి వడ్డనలో ఇది చాలవరకు ఇమిడియున్నది. ముద్దపప్పు, నెయ్యి, కూర, పచ్చడి, పులుసు, చివర మజ్జిగ. అన్నములోని మాంసకృత్తులకు లైసిన్ అను అంశము కొరత. పప్పులో అది సమృద్ధి. పప్పుకు కొరతయైన మెథియొనిన్ బియ్యములో ఉన్నది. రెండును కలిసిన ముద్ద ఒకదాని లోపమును మరియొకటి పూరించును. కొల్లేటి లంకలలో ముళ్లతోసహా నమిలి తిను చిన్నచేప సున్నపు ధాతువును కూడ ఇచ్చును. చెరువులలో పెంచిన బొచ్చెయు శీలావతియు లారీలకెక్కి దూరరాష్ట్రములకు పోవుచున్నవి గాని, పరిగెలవంటి చిన్నచేపలను తక్కువచూపు చూడనక్కరలేదు.

ఆకుకూరల మాట వచ్చినపుడు భీమవరమున 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలపక తప్పదు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధకబృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఆకు అను అర్థముగల లాటిన్ మాటనుండి వచ్చినది ఆ పేరు. రక్తకణముల నిర్మాణమునకు ఇది అవసరము. గర్భిణులకు మరింత అవసరము. తోటకూర, గోంగూర, మునగాకులలో ఇది లభించును. కాని ఎక్కువసేపు ఉడికించినచో నశించును. ఉడికిన నీటిని పారబోసినచో ఆ నీటితోనే పోవును.

నీరు పారబోయు అలవాటు మనకు అన్నము దగ్గరనే ప్రారంభమైనది. బియ్యమును తెల్లగా పాలిష్ పట్టించి, పలుమార్లు కడిగి, గంజి వార్చునప్పటికి బి-1 విటమిన్ అత్యల్పముగా మిగులును. దక్షిణమున ఉప్పుడు బియ్యము తినువారిలో అరుదైన బెరిబెరి వ్యాధి ఒకనాడు మన సర్కారు జిల్లాలలో కనబడుటకు కారణ మిదియే. వడ్లను ముందుగా ఉడికించుటచే పైపొరలోని విటమిన్ గింజలోనికి దిగును. పచ్చిబియ్యమునకు ఆ రక్షణ లేదు. ఈ వ్యాధి విచారణకై 1918లో కూనూరులో వెలసిన చిన్న ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి కెక్కినది.

ఆ సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో, రోజుకు రెండువేల కెలోరీలు అవసరమైన వ్యక్తికి 250 గ్రాముల ధాన్యము, 400 గ్రాముల కూరలు, 85 గ్రాముల పప్పుగాని చేపవంటి మాంసాహారముగాని, 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు, కొంత పండు, కొన్ని గింజలు చెప్పబడినవి. ధాన్యమునుండి వచ్చు శక్తి నూటికి 45 వంతులు మించరాదు. ఇక మన విస్తరిని చూతము. అన్నము రాశి, దానిపై పప్పు గరిటెడు, కూర నంజుడుకు మాత్రమే. పదార్థములన్నియు ఉన్నవి, పాళ్లు తలక్రిందులైనవి. పథకమునందు దోషము లేదు, గరిటెయందున్నది!

ఆ గరిటె పట్టిన గృహిణి సంగతియే మేము ముఖ్యముగా చెప్పదలచినది. ఇంటిల్లిపాదియు తిన్న తరువాత ఆమె కూర్చున్నపుడు పప్పుగిన్నె అడుగంటియుండును, కూర ఉండదు. చారు, మజ్జిగ, అన్నము మిగిలియుండును. సమతులాహారము వండిన చేతికే అది దక్కకుండుట అనేక గృహములలో నిత్యకృత్యము. రక్తహీనత లెక్కలకు ఇతర కారణములు లేకపోలేదు. ఇది మాత్రము ఇంటిలోనే సరిదిద్దవచ్చును.

పప్పు ధర ఎక్కువ, నిజమే. ఆషాఢములో మాత్రమే జ్ఞాపకమువచ్చు మునగాకు పెరటిలో ఏడాది పొడవునను ఉండును. పప్పులో దానిని వేసినచో గిన్నె నిండును. పైన నిమ్మరసము పిండినచో అందులోని సి-విటమిన్ వలన ఆకులోని ఇనుము శరీరమునకు బాగుగా పట్టును. భోజనము కాగానే కాఫీయో టీయో త్రాగినచో ఆ లాభము తగ్గును; గంటసేపు ఆగుట మేలు. వడ్డనకు కూర్చొనుటకు ముందే గృహిణివంతు పప్పును కూరను వేరు గిన్నెలోనికి తీసి మూతపెట్టుడు.